షిఫ్టు దిగాక జొన్నరొట్టె

ఆకలి రుచి ఎరుగదని సామెత. బాలానగర్‌లో సాయంత్రం ఆరు దాటితే ఆ సామెత నిలవదు. పొద్దుటి నుంచి లేత్ మిషన్ ముందు నిలబడ్డ మనిషి రొట్టె తుంచి నోట్లో పెట్టుకోగానే పిండి ఇవాళ పట్టించిందా, వారం కిందటిదా చెప్పేస్తాడు. పప్పులో పుంటికూర తగ్గి నీళ్లు ఎక్కువైతే గిన్నె పక్కకు జరిపి ‘అక్కా, ఇయ్యాల ఏమైంది?’ అని అడుగుతాడు. మళ్లీ అలాగే జరిగితే ఇక ఆ బల్ల మీద కనిపించడు, ఎదురు మెస్సులో కనిపిస్తాడు. అతనికి రోజు మొత్తం మీద స్థిమితంగా కూర్చుని తినే భోజనం ఇదొక్కటే. అది కుదరకపోతే ఆ రోజు కుదరనట్టే. హైదరాబాద్‌లో మన పాతవంటకు అసలు పరీక్ష ఎక్కడ జరుగుతోందని ఎవరైనా అడిగితే, నేను బాలానగర్ షెడ్ల మధ్య ఉన్న ఈ మెస్సుల వైపే చూపిస్తాను.

2021 జులైలో తెరిచిన బాబూ జగ్జీవన్‌రామ్ ఫ్లైఓవర్ ఎక్కి పోయేవాళ్లకు ఇవేవీ కనపడవు. నర్సాపూర్ చౌరస్తా మీదుగా ఒక్క ఊపులో ఐడీపీఎల్ వైపు దిగిపోతారు. కింది రోడ్డున వెళ్తే వేరే లోకం. ఇనుప రజను మెరిసే గల్లీలు, కటింగ్ ఆయిల్ వాసన, షట్టర్ల లోపల గ్రైండింగ్ మోత. వాటి మధ్య రేకుల కప్పు, నాలుగైదు స్టీలు బల్లలు, ముందు ఒక పెనం. బోర్డు మీద యజమాని పేరు కంటే ఊరి పేరో జిల్లా పేరో పెద్దగా ఉంటుంది. కొన్నిటికి బోర్డే ఉండదు. ఫలానా కంపెనీ వెనక అంటే అందరికీ తెలుస్తుంది.

ఈ వంటిళ్లు ఇక్కడే ఇంత దట్టంగా ఎందుకు పుట్టాయి? జవాబులో సగం చట్టంలోనే ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 250 మందికి మించి కార్మికులు పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించే అధికారం ప్రభుత్వానికి ఉండేది. బాలానగర్‌లో పెద్ద కర్మాగారాలు లేకపోలేదు. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థ సోవియట్ సాయంతో ఇక్కడ సింథటిక్ మందుల ఫ్యాక్టరీ కట్టింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తన ఏవియానిక్స్ విభాగాన్ని ఇక్కడే పెట్టింది. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. 1970లో ఎంటార్ కంపెనీ మొదలైంది. కానీ ఈ పెద్దవాటి చుట్టూ అల్లుకున్నవి చిన్న షెడ్లు. ఒకదాంట్లో ఆరుగురు, మరొకదాంట్లో పన్నెండు మంది. డైలు చేసేవాళ్లు, పైపుకు మర తీసేవాళ్లు, విమానం విడిభాగానికి ఆఖరి నునుపు పెట్టేవాళ్లు. వీళ్లకు క్యాంటీన్ పెట్టాలని ఏ చట్టమూ అనదు. కాబట్టి ఆ బాధ్యతను ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్లు, వాళ్లతో పాటు వచ్చిన మగవాళ్లు ఎత్తుకున్నారు. పెళ్లికాని కుర్రాళ్లకు ఖాతా పెట్టి, నెలకోసారి డబ్బు తీసుకుని, రెండు పూటలా అన్నం పెట్టారు.

ఐడీపీఎల్ 1992లో ఖాయిలా పరిశ్రమల జాబితాలోకి ఎక్కింది, ఆ తర్వాత ఉత్పత్తి ఆగిపోయింది. అయితే అక్కడ చేయి తిరిగినవాళ్లు ఊరికే కూర్చోలేదు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసి అంతకు ముందే బయటికి వచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. హైదరాబాద్ మందుల పరిశ్రమ చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతి తప్పకుండా రాస్తారు. ఆ కెమిస్టులకు, ఫిట్టర్లకు, హెల్పర్లకు రాత్రి షిఫ్టు దిగాక వేడన్నం ఎవరు వడ్డించారో మాత్రం ఎక్కడా రాయరు. ఆ వెలితి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

ఇక తిండి సంగతికి వద్దాం.

మధ్యాహ్నం ఇక్కడ అన్నానిదే రాజ్యం. ప్లేట్ మీల్స్, ఫుల్ మీల్స్ అని రెండు రకాలు. స్టీలు పళ్లెంలో అన్నం గుట్ట, పప్పు, ఒక వేపుడు, పలుచటి చారు, పెరుగు, అంచున తొక్కు. మాంసం కూర కావాలంటే చిన్న కటోరీలో వేరుగా వస్తుంది. పప్పు ఇవాళ పుంటికూరతోనైతే రేపు తోటకూరతో, ఎల్లుండి మామిడికాయ దొరికితే దానితో. కందిపప్పు మంచిదైతే ఇంకేమీ అక్కర్లేదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే నేల ఇక్కడికి దూరమేమీ కాదు. ఆ పప్పు వాడే మెస్సులో మూత తీసినప్పుడే తేడా తెలుస్తుంది. మెతకగా ఉడికినా జిగురు కాదు, వాసన నిండుగా ఉంటుంది.

మధ్యాహ్నం అన్నంలోకి పోసే పచ్చిపులుసు గురించి కాస్త ఆగి చెప్పాలి. దీన్ని పొయ్యి మీద పెట్టరు. పచ్చిమిరపకాయలు నిప్పు మీద కాల్చి, ఉప్పుతో నలిపి, చింతపండు రసంలో కలుపుతారు. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, జీలకర్ర. కొన్ని ఇళ్లలో వేయించిన నువ్వుల పొడి కూడా పడుతుంది; అప్పుడు పులుపు మొన విరిగి కమ్మదనం వస్తుంది. ఎండాకాలం రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం దాకా పనిచేసి వచ్చిన మనిషికి వేడి సాంబారు ముద్ద దిగదు. ఈ పులుసు పోసుకుంటే మరో రెండు ముద్దలు తానే అడుగుతాడు. కాల్చడానికి బదులు మిరపకాయలు నూనెలో వేయించారంటే ఆ మెస్సు తొందరలో ఉందని అర్థం. మిరపకాయ నల్లగా బొబ్బలెక్కి, తొక్క కొంచెం ఊడిపోయే దాకా కాలాలి. ఆ మాడు వాసనే పచ్చిపులుసుకు ప్రాణం.

సాయంత్రానికి రాజ్యం జొన్నరొట్టెకు మారుతుంది. ఒక మెస్సులో రొట్టెలు చేసే ఆవిడను అక్కడివాళ్లంతా రొట్టెల అక్క అంటారు. ఊరు నారాయణఖేడ్ వైపు. ఆమె ఎదురుగా కూర్చుంటే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. పళ్లెంలో పిండి పోసి మధ్యలో గుంట చేస్తుంది. అందులో మరుగుతున్న నీళ్లు. మొదట గరిటెతో, చేయి పట్టగలిగే వేడికి వచ్చాక అరచేత్తో, మడమ ఆనించి మరీ పిసుకుతుంది. ‘సల్లనీళ్లు పోస్తే ఇరుగుతది అన్నా. మసిలిన నీళ్లే కావాలె’ అంది. ఆమె మాటలో పాకశాస్త్రం మొత్తం ఉంది. గోధుమకున్న సాగే గుణం జొన్నకు లేదు. అందులో గ్లూటెన్ ఉండదు. వేడినీళ్లు తగిలి పిండిలోని గంజి పదార్థం ఉబ్బి జిగురైతేనే ముద్ద కలిసి నిలుస్తుంది. కర్రతో ఒత్తితే అంచులు చీలతాయి. అందుకే చేత్తో తట్టాలి. పొడిపిండి చల్లిన పీట మీద ముద్ద పెట్టి, కుడిచేత్తో తడుతూ ఎడమచేత్తో అంచు తిప్పుతూ పోతుంది. తట్టిన ప్రతిసారీ రొట్టె తానే చుట్టు తిరుగుతుంది. అటూ ఇటూ మందం ఒకటే. దాన్ని రెండు చేతుల మీదికి తీసుకుని పెనం మీదికి వదిలి, పైన తడిగుడ్డతో నీళ్లద్దుతుంది. తడి ఆరేలోపు తిప్పాలి. ఆరిపోతే పగులుతుంది, ముందే తిప్పితే అంటుకుంటుంది. రెండోవైపు కాలాక మంట మీదికి జరిపితే బుస్సుమని పొంగుతుంది. అప్పటికి ఆమె రెండో రొట్టె సగం తట్టేసి ఉంటుంది.

‘అక్కా, నాకు కడక్ కాల్చు’ అని ఒకరు. ‘మెత్తగ తియ్యి, పండ్లు నొస్తున్నయి’ అని ఇంకొకరు. ఎవరిది ఏదో ఆమెకు గుర్తే. రొట్టె పక్కన ఎల్లిపాయ కారం, పచ్చి ఉల్లిగడ్డ ఉచితం. డబ్బులిచ్చి తీసుకునేవి బోటి, తలకాయ కూర, కార్జం వేపుడు, ఆదివారం నాటుకోడి. మాంసం తిననివాళ్లకు నువ్వులు వేసిన వంకాయ, పుంటికూర పప్పు. బోటి బాగా కడిగారా లేదా అన్నది ఇక్కడివాళ్లు మొదటి ముద్దలోనే పట్టేస్తారు. పొద్దున నాలుగింటికే లేచి సున్నం నీళ్లలో, వేడినీళ్లలో మార్చి మార్చి కడిగితే తప్ప ఆ వాసన పోదు. ఈ ఊడిగం వంటలో కనపడదు. కడగకపోతే మాత్రం బల్లలు ఖాళీ అవుతాయి.

జొన్నరొట్టె ఈ రోడ్డు మీదికి మళ్లీ రావడం నన్నెప్పుడూ ఆశ్చర్యపరిచే విషయమే. రంగారెడ్డి, మెదక్, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఒకప్పుడు జొన్నే నిత్యం, వరన్నం పండగ పూట. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక పేదింటికి రోజూ తెల్లన్నం అందింది. అది చిన్న మేలు కాదు. గటక తాగి పడుకున్న తరానికి దాని విలువ తెలుసు. అయితే దాంతోపాటు జొన్న చేలు తగ్గాయి, విసుర్రాయి మూలపడింది, రొట్టె తట్టడం తెలిసిన చేతులు తగ్గిపోయాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు చిరుధాన్యాల విత్తనాలను ఇంటింటా దాచి కాపాడారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. రాజేంద్రనగర్‌లో, మొదట జొన్న మీద పరిశోధనకే పుట్టిన కేంద్రం ఇప్పుడు భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ అయింది. మన దేశం ప్రతిపాదిస్తే 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇవన్నీ గొప్ప పనులే. కానీ తట్టే చేయి లేకుండా విత్తనం ఒక్కటే రొట్టె కాదు. ఆ చేతులను నగరంలో పనిలో ఉంచినవాళ్లు మాత్రం బాలానగర్, మూసాపేట, జీడిమెట్లలో రోజూ తిని డబ్బులిచ్చిన కార్మికులే. ‘షుగరు’ వచ్చిన మధ్యతరగతి, వ్యాయామం చేసే కుర్రకారు ఆ తర్వాత వచ్చి వరసలో చేరారు.

ఇక్కడి నుంచి హైటెక్ సిటీ పది కిలోమీటర్ల లోపే. 1998లో వాజపేయి చేతుల మీదుగా సైబర్ టవర్స్ తెరుచుకున్న నాడు ఆ చుట్టూ రాళ్లగుట్టలే. ఇప్పుడు అక్కడ కుండల్లో వడ్డించే హోటళ్లు, రాగిసంకటి నాటుకోడి పులుసు హోటళ్లు, విస్తరాకు వేసి ముప్పై రకాలు వరసపెట్టే హోటళ్లు. 2019 మార్చిలో మెట్రో హైటెక్ సిటీ దాకా చేరాక అమీర్‌పేటలో రైలు మారి బాలానగర్ స్టేషన్‌లో దిగడం తేలికైంది. వారాంతాల్లో ఐడీ కార్డు మెడలో లేని ఐటీ కుర్రాళ్లు మెస్సు బల్లల మీద లేత్ ఆపరేటర్ల పక్కన కూర్చోవడం చూస్తున్నాను. వాళ్లలో చాలామంది ఊళ్లు కూడా నారాయణఖేడ్, నాగర్‌కర్నూల్, శ్రీకాకుళమే. పీజీ హాస్టల్లో వారమంతా తిన్న పన్నీరు కూర నాలుక మీది నుంచి పోవాలంటే వాళ్లకూ ఈ తొక్కే కావాలి.

ఊరు విడిచిన మనిషి పరాయిచోట మొదట కట్టుకునేది తన మధ్యాహ్నపు పళ్లెమే. ఇది మన ఒక్కరి కథ కాదు. కరీబియన్ సముద్రంలో హైతీతో ఒకే ద్వీపం పంచుకున్న డొమినికన్ రిపబ్లిక్ అనే దేశం ఉంది. అక్కడ మధ్యాహ్న భోజనాన్ని ‘లా బందేరా’, అంటే జెండా అంటారు. తెల్లన్నం, చిక్కటి ఎర్ర చిక్కుడు గింజల పులుసు, ఉడికించిన మాంసం, పక్కన కాస్త పచ్చికూర. రోడ్డు పక్క చిన్న భోజనశాలల్లో ఇదే ప్రధానం. పొద్దున పచ్చి అరటికాయలు ఉడికించి మెదిపిన మంగూ, దాని మీద పుల్లటి ఉల్లిపాయలు, పక్కన వేయించిన చీజు, సలామీ, గుడ్డు. పండగ పూట రకరకాల మాంసం, దుంపలు కలిపి గంటలకొద్దీ మరిగించే సాంకోచో. అన్నం వండిన కుండ అడుగున కరకరలాడే చెక్కను వాళ్లు కొంకొన్ అని మురిపెంగా పిలుచుకుంటారు. ఇంట్లో దానికోసం పోటీ. మన ఇళ్లలో అడుగంటిన అన్నం చెక్కకు నెయ్యి, కారం రాసుకుని తిన్న పిల్లలకు ఆ పోటీ ఏమిటో చెప్పక్కర్లేదు.

డొమినికన్లు లక్షల మంది పనికోసం అమెరికాకు వలస వెళ్లారు. న్యూయార్క్‌లోని వాషింగ్టన్ హైట్స్ పేట వాళ్లకు రెండో ఊరు. అక్కడ కౌంటరు ముందు నిలబడితే అద్దం వెనక పెద్ద ట్రేలలో అన్నం, గింజల పులుసు, కోడి, పంది మాంసం కనపడతాయి. టాక్సీ నడిపేవాళ్లు, భవనాలు శుభ్రం చేసేవాళ్లు వచ్చి చూపిస్తే అట్టపెట్టె నిండా పెడతారు. పెద్ద హంగులుండవు. వంట మాత్రం అమ్మ చేసినట్టే ఉండాలని పట్టు. ఆ పేటలో ఇళ్ల అద్దెలు పెరుగుతున్న కొద్దీ పాత కాపురాలు, పాత అంగళ్లు నిలదొక్కుకోవడానికి యాతన పడుతున్నాయి. అది వింటే నాకు బాలానగరే కళ్లముందు కదిలింది.

ఎందుకంటే ఇక్కడి భూమి మీద కూడా అందరి కళ్లూ ఉన్నాయి. నగరం మధ్యకు వచ్చిపడ్డ కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి తరలించాలన్న ఆలోచన ప్రభుత్వాలకు చాలా ఏళ్లుగా ఉంది. మెట్రో, ఫ్లైఓవర్ వచ్చాక చదరపు గజం ధర చూసి షెడ్డు యజమానులకే మనసు మారుతోంది. షెడ్డు పోతే పదిమంది కార్మికులు పోతారు. పది షెడ్లు పోతే ఒక మెస్సు పోతుంది. లెక్క అంతే. పందొమ్మిది కిలోల కమర్షియల్ సిలిండర్ ధర ఎప్పుడు పెరుగుతుందో తెలియదు. పెరిగిందని రొట్టె మీద ఐదు రూపాయలు వేస్తే తినేవాడు మూడు రొట్టెల బదులు రెండుతో లేస్తాడు. రొట్టెల అక్క కూతురు డిగ్రీ చదువుతోంది, పెనం ముందు కూర్చోదు. కూర్చోవాలని అక్క కూడా అనుకోవడం లేదు. ‘నా చేతులు జూడు’ అని అరచేతులు తిప్పి చూపించింది. బొటనవేలి కింద కాయలు కాచి, మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చలు.

ఇలాంటి అన్నదాతలకు ఊళ్లో అండ ఉందా? 2024 జనవరి చివర్లో మాదాపూర్ ఐటీసీ కోహెనూర్ దగ్గర భోజనం అమ్మే కుమారి ఆంటీ బండిని ట్రాఫిక్ ఇబ్బంది పేరుతో పోలీసులు తీయించారు. రాష్ట్రమంతా గొడవైంది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆమెను అక్కడే కొనసాగనివ్వమన్నారు. ఆమెకు న్యాయం జరిగినందుకు నేనూ సంతోషించాను. కానీ సోషల్ మీడియాలో పేరున్నందుకు ఆ ఒక్క బండి నిలబడింది. పేరు లేని బండ్ల మాటేమిటి? 2014 వీధి వ్యాపారుల చట్టం చెప్పేది సూటిగా ఉంది: సర్వే చేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి, అమ్ముకునే చోటు చూపించాలి, అది తేలేదాకా తొలగించకూడదు. ఆ చట్టం కాగితం మీద నుంచి గల్లీలోకి రావాలంటే ముఖ్యమంత్రి ఫోను అవసరం ఉండకూడదు. 2020లో వచ్చిన స్వనిధి పథకం కింద మొదటి విడత పదివేల అప్పు చాలామందికి పనికొచ్చింది. పెనం మార్చుకున్నవాళ్లున్నారు, తాడిపత్రి కప్పు కొనుక్కున్నవాళ్లున్నారు. చోటు గ్యారంటీ లేకుండా అప్పు మాత్రం ఎన్నాళ్లు నిలబెడుతుంది?

ఐదు రూపాయల భోజనం సంగతి కూడా చెప్పాలి. 2014లో జీహెచ్‌ఎంసీ హరేకృష్ణ సంస్థతో కలిసి మొదలుపెట్టిన ఆ కేంద్రాలు అడ్డా కూలీకి నిజంగా ఆసరా. దాన్ని మెచ్చుకోనివాళ్లు ఆకలి ఎరగనివాళ్లు. అయితే అది ఒక్కచోట పెద్ద వంటశాలలో వండి వీధివీధికి పంపే అన్నం. బోటి కడిగే చేయి, రొట్టె తట్టే చేయి, ‘మెత్తగ తియ్యి’ అంటే గుర్తుంచుకునే మనిషి దాంట్లో ఉండరు. రెండూ కావాలి. ఒకటుందని రెండోదాన్ని వదిలేయకూడదు.

షెడ్లు తీసేసి టవర్లు కట్టే రోజు వస్తే, ఆ ప్లాన్ల మీద సంతకం పెట్టే అధికారులను ఇప్పుడే అడగాల్సినవి కొన్నున్నాయి. పార్కింగుకు చోటు తప్పనిసరి అని రాసినట్టే వంట చేసుకునేవాళ్లకు కింది అంతస్తులో చిన్న గదులు తప్పనిసరి అని రాయాలి, అద్దె కట్టగలిగినంతే ఉండాలి. గదికో నీటి కుళాయి, జిడ్డు నీళ్లు పోయే మోరీ, గ్యాసు పెట్టుకునేందుకు గాలి ఆడే గోడ. ఇప్పుడు ఉన్న మెస్సుల పేర్లు, ఎన్నేళ్లుగా నడుస్తున్నాయో రాసి పెట్టుకుంటే ఆ గదులు ముందు ఎవరికివ్వాలో తేలుతుంది. ఆ సర్వే ఒక్క వారం పని. మున్సిపాలిటీ సిబ్బంది మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య, మళ్లీ సాయంత్రం ఆరున్నర తర్వాత వస్తే చాలు, అందరూ పొయ్యి దగ్గరే దొరుకుతారు.